నౌపడా నుంచి జయపురం దాకా: ‘చాలు’ అన్న మాట వెంట ఆరు రోజులు

పంక్తిలో కూర్చున్నవాడు విస్తరి మీద అరచెయ్యి అడ్డం పెట్టి ‘చాలు’ అంటాడు. అది కడుపు నిండినవాడి మాట. ఒంట్లో ముల్లులా గుచ్చే బాధను తీసెయ్యమని దేవుణ్ణి మూడుసార్లు బతిమాలిన అపొస్తలుడు పౌలుకు ఆ మాట ఎదురువైపు నుంచి వచ్చింది. వడ్డించేవాడే ‘నా కృప నీకు చాలును’ అన్నాడు (2 కొరింథీ 12:9). ఆకలి ఇంకా తీరనివాడు ఆ మాటను ఎలా మింగాలి? ఈ ఆరు రోజుల ధ్యాన యాత్రకు దారి వేసుకున్నది ఆ ఒక్క ప్రశ్న కోసమే.

నౌపడా, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బిస్సంకటక్, కోరాపుట్, జయపురం. శ్రీకాకుళం జిల్లాలోని నౌపడా తప్ప అన్నీ ఒడిశా ఊళ్ళే. అయినా పర్లాకిమిడి వీధుల్లో, రాయగడ బజారులో తెలుగుతోనే పని జరిగిపోతుంది. క్రైస్తవ సంఘాల్లోనూ అంతే: ఒకే ఆదివారం ఒక ఊళ్ళో తెలుగు, ఒడియా, సవర పాటలు వినిపిస్తాయి.

ఎనిమిది మందికి మించి బయల్దేరకూడదు. అంతకు మించితే ఒకరి కోసం ఒకరు ఎదురుచూడటంతోనే పూట గడిచిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఇంట్లో చావు జరిగి ఆరు నెలలైనా కానివాళ్ళను వెంట తేవద్దు. వాళ్ళకు కావలసింది ఇంటికొచ్చి వంట చేసిపెట్టే మనిషి, ధ్యాన యాత్ర కాదు. కరపత్రాలు, మైకు, వీధి కూటాలు ఈ దారిలో ఉండవు. ఒడిశాలో మతమార్పిడుల మీద ఆంక్షలు పెట్టే 1967 నాటి మతస్వేచ్ఛ చట్టం ఉంది. అతిథులుగా వెళ్ళి, అన్నం పెట్టిన సంఘాన్ని ఠాణా చుట్టూ తిప్పడం ఎవరికీ మంచిది కాదు.

సంచి ఆరు కిలోలు దాటకూడదు. రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, దోమతెర, లీటరు నీళ్ళ సీసా, రోజూ వేసుకునే మందులు పది రోజులకు సరిపడా, బైబిలు, ఒక నోటుబుక్కు. కోరాపుట్ చలికి ఒక స్వెట్టరు. దోమతెర దారిలో కొనుక్కుందామనుకుంటే కుదరదు, రెండో రాత్రికే దాని అవసరం పడుతుంది.

మొదటి రోజు: నౌపడా – పర్లాకిమిడి

నౌపడాలో మెయిన్ లైను రైలు దిగి గుణుపూర్ పాసింజరు ఎక్కాలి. వేళలు మారుతుంటాయి, ముందురోజే చూసుకోవాలి. ఈ దారి మొదట రెండున్నర అడుగుల పట్టాల చిన్న రైలుది. పర్లాకిమిడి రాజులు వేయించిన ఆ లైను 1900లో పర్లాకిమిడి దాకా, 1931కి గుణుపూర్ దాకా నడిచింది. పట్టాలు వెడల్పు చెయ్యడానికి 2004లో ఆపేసి, 2011లో మళ్ళీ తెరిచారు. టెక్కలి, టెంబూరు, పాతపట్నం దాటగానే ఒడిశా. నలభై కిలోమీటర్లే కాబట్టి రైల్లో చేసే పని ఒక్కటే పెట్టుకోవాలి.

నోటుబుక్కు మొదటి పేజీలో అయిదు పంక్తులు రాయాలి. వచ్చిన కష్టం ఏమిటి. ఎప్పటి నుంచి. దాని వల్ల రోజులో ఏ పని చెయ్యలేకపోతున్నాం. దేవుణ్ణి ఏమని అడిగాం. ఈ సంగతి ఎవరెవరికి తెలుసు. అయిదో పంక్తి దగ్గర చాలామంది కలం ఆగిపోతుంది, ఎవరికీ చెప్పుకోలేదు కాబట్టి. ఆరో పంక్తి, అంటే ‘ఎందుకు వచ్చింది’ అన్నది, రాయకూడదు. రాయనిస్తే సగం మంది ‘నన్ను దిద్దడానికి’ అనీ, మిగతావాళ్ళు ‘నా పాపం వల్ల’ అనీ రాసేస్తారు, రాసేశాక ఇక ప్రార్థించడానికి ఏమీ మిగలదు. పుట్టుగుడ్డివాడి విషయంలో శిష్యులు అడిగింది సరిగ్గా ఆ ఆరో పంక్తే. వీడు గాని వీని కన్నవారు గాని పాపం చేయలేదని యేసు దాన్ని కొట్టేశాడు (యోహాను 9:3).

సాయంత్రం పర్లాకిమిడిలో మొదటి మనవి. ఒక్క వాక్యం చాలు: ‘ప్రభువా, దీన్ని తీసెయ్యి.’ భక్తిపరులకు ఇదే కష్టం. ‘నీ చిత్తమైతే’ అన్న మాట ముందే తగిలించి, అడగాల్సింది అడగకుండానే లేచిపోతారు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనేలో యేసు మొదట శ్రమల గిన్నె తొలగించమని అడిగాడు, ఆ తర్వాతే నీ చిత్తం అన్నాడు (మార్కు 14:36). ఆ వరుస తిప్పకూడదు. ఈ మనవి యాత్రలో మూడుసార్లు వస్తుంది: ఈ రోజు, మూడో రోజు, ఆరో రోజు.

పాట కూడా ఇక్కడే ఎంచుకోవాలి, ఆరు రోజులకూ ఒక్కటే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) ఈ ప్రాంతం మనిషే. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజుల్లో ఆ అడుగుకు ఇల్లూ కులమూ ఏ ధర కట్టించుకునేవో ఇక్కడి పెద్దలకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆయన పాటలకు రాగం, తాళం పైనే అచ్చువేసి ఉంటాయి. కీబోర్డు లేకుండా, చప్పట్లు లేకుండా, గొంతుతోనే పాడాలి. వేగం పెంచారంటే పాట మాటల మీద నుంచి జారిపోతుంది.

రెండో రోజు: గుణుపూర్

పర్లాకిమిడి వదిలి కాశీనగర్ మీదుగా వంశధార ఒడ్డుకు చేరతాం. ఇవి సవరల కొండలు. 2011 జనాభా లెక్కల్లో గజపతి జిల్లాలో మూడో వంతుకు పైగా క్రైస్తవులు. ఒడిశాలో ఇంకే జిల్లాలోనూ అంత నిష్పత్తి లేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడిపోయాయి. గజపతి కొండల్లో బారఘర అన్న ఊరి దగ్గర కొండచరియ విరిగి జనం చచ్చిపోయారు. ఆ ప్రాంతం మీదుగా పోతున్నప్పుడు ‘ఏ పాపానికో’ అన్న మాట ఎవరో ఒకరి నోట రాకమానదు. అప్పుడు తియ్యాల్సిన వాక్యం లూకా 13:4, సిలోయము గోపురం కూలి చచ్చిన పద్దెనిమిది మంది సంగతి. యెరూషలేములో ఉన్న మిగతావాళ్ళకంటే వాళ్ళు ఎక్కువ అపరాధులు కారని యేసు అక్కడ చెప్పేశాడు. అంతకుమించి కారణం చెప్పలేదు. మనమూ చెప్పకూడదు.

ఈ రోజు పని విలాపం రాయడం. నమూనా 13వ కీర్తన. ఆరే వచనాలు. మొదటి రెండింటిలో ‘ఎన్నాళ్ళు’ అన్న ప్రశ్న నాలుగుసార్లు, తర్వాతి రెండింటిలో అడగడం, చివరి రెండింటిలో నమ్మకం. అదే కొలతలో ఎవరిది వాళ్ళు రాసుకోవాలి: రెండు పంక్తులు ఫిర్యాదు, రెండు మనవి, రెండు నమ్మకం. నలభై నిమిషాలు ఇవ్వాలి, నదికి కనిపించే దూరంలో, విడివిడిగా. తెలుగు బైబిలు భాషలో రాయడానికి ప్రయత్నిస్తే బిగుసుకుపోతుంది. అమ్మతో పోట్లాడేటప్పుడు వాడే మాటల్లోనే రాయాలి.

చెడిపోయేది ఎక్కువగా చివరి రెండు పంక్తుల దగ్గరే. నమ్మకం రాకపోయినా రాకమానుతుందా అని ఏదో ఒక వచనం అంటించేస్తారు. రాకపోతే వదిలెయ్యాలి. అలాంటివాళ్ళకు 88వ కీర్తన చూపించాలి. అది చీకటే చుట్టమైపోయిందన్న మాటతో ఆగిపోతుంది, మలుపు లేదు, స్తుతి లేదు. దాన్ని కీర్తనల్లోంచి ఎవరూ తీసెయ్యలేదు.

గిడుగు వెంకట రామమూర్తి గారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ ఈ కొండల్లో తిరిగి సవర భాష నేర్చుకున్నారు. మన్యపు జ్వరం పట్టుకుంది, క్వినైన్ మింగి మింగి చెవులు దెబ్బతిన్నాయి. ఆయన క్రైస్తవులు కారు, మన కథలోకి ఆయన్ను లాక్కోవడం తప్పు. అయితే ఇతరుల మాట వినడానికి చెవులనే పణంగా పెట్టిన మనిషి ఒకరు ఇక్కడ తిరిగారన్నది నాలుగో రోజు ఆసుపత్రిలో కాలుపెట్టబోయే బృందానికి తెలిసి ఉండాలి. ఆ జ్వరం ఇప్పుడూ పోలేదు. ఈ రాత్రి నుంచి దోమతెర తప్పదు, సాయంత్రం పూట నిండు చేతుల చొక్కా. ఇంటికి చేరాక నెలలోపు జ్వరం వస్తే మలేరియా పరీక్ష ముందు చేయించి, ప్రార్థన మనవి ఆ తర్వాత రాయండి.

మూడో రోజు: రాయగడ

గుణుపూర్ నుంచి రాయగడకు బస్సు. పొద్దున్నదే ఎక్కాలి, మధ్యాహ్నం దాటితే జనం కిక్కిరిసిపోతారు. రాయగడలో తెలుగు సంఘాలు ఉన్నాయి. ముందే ఉత్తరం రాస్తే సాయంత్రం కూటానికి చోటు దొరుకుతుంది.

సాక్ష్యాల కూటం మనకు బాగా అలవాటైనదే, బాగా చెడిపోయినదీ అదే. ప్రతి సాక్ష్యం గెలుపుతో ముగుస్తుంది: రోగం పోయింది, అప్పు తీరింది, పిల్లాడికి ఉద్యోగం వచ్చింది. కథ ఇంకా ముగియనివాడు వెనక వరసలో మూగగా ఉంటాడు. కాబట్టి ఈ సాయంత్రానికి వేరే పద్ధతి. తీరిపోయిన కష్టం గురించి ఎవరూ చెప్పకూడదు. ‘ఇంకా’ అన్న మాటతో మొదలుపెట్టాలి: ‘ఇంకా మందులు వాడుతున్నాను’, ‘ఇంకా కొడుకు ఇంటికి రాలేదు’. మనిషికి నాలుగు నిమిషాలు. ఒకరు గడియారం చూడాలి, ఆ పని పాస్టరు గారికి ఇవ్వొద్దు, ఆయన ఆపలేరు. చెప్పినవాళ్ళకు ఎవరూ జవాబివ్వకూడదు, వచనం కూడా. ‘విన్నాం’ అని అందరూ కలిసి అనడమే. వింటున్న సంఘం మొదట ఇబ్బంది పడుతుంది. మూడో మనిషి మాట్లాడే వేళకు వెనక వరస కదులుతుంది.

పడుకునే ముందు రెండో మనవి. మొదటి రోజు వాక్యాన్నే ఒక్క అక్షరం మార్చకుండా మళ్ళీ చెప్పాలి.

నాలుగో రోజు: బిస్సంకటక్

రాయగడ నుంచి రాయపూర్ వైపు వెళ్ళే లైన్లో బిస్సంకటక్ స్టేషను ఉంది, జీపులో కూడా పోవచ్చు. నియమగిరి కొండలు పక్కనే. అక్కడి గిరిజనులైన డోంగ్రియా కంధుల ఊళ్ళు చూద్దామన్న మాట ఎత్తొద్దు, వాళ్ళ ఇళ్ళు మన ధ్యానానికి బొమ్మలు కావు. 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ లిస్ మాడ్సెన్ ఇక్కడ క్రైస్తవ ఆసుపత్రి మొదలుపెట్టారు. మలేరియా, ప్రసవాల్లో చావులు రోజువారీ సంగతులుగా ఉన్న చోట అది.

ఆసుపత్రిని చూడ్డానికి వెళ్ళకూడదు. నెల ముందే ఉత్తరం రాసి, రోగుల దగ్గర కూర్చోవడానికి అనుమతి ఇస్తారా అని అడగాలి. వద్దంటే వద్దే. అప్పుడు ఊళ్ళోనే ఒకచోట కూర్చుని బైబిల్లో యోబు గ్రంథం మొదటి మూడు అధ్యాయాలు పెద్దగా చదువుకోవచ్చు, నష్టమేమీ లేదు. ఏ ఊళ్ళో ఏ ఆసుపత్రికైనా పద్ధతి ఇదే కాబట్టి కొంచెం వివరంగా.

ఒక మంచం దగ్గరికి ఇద్దరు, అంతకు మించి వద్దు. పది నిమిషాలు. మంచం మీద కూర్చోకూడదు, స్టూలు ఉంటే స్టూలు మీద, లేకపోతే గొంతుక్కూర్చోవాలి, రోగి మెడ ఎత్తి చూడాల్సిన అవసరం రాకూడదు. ముందు పేరు చెప్పుకోవాలి. తర్వాత తోడున్నవాళ్ళను పలకరించాలి, ఎందుకంటే రాత్రంతా నిద్రలేనిది వాళ్ళకే: ‘అమ్మా, తిన్నారా?’ ఒడియా, కంధుల భాష కువి మాత్రమే వచ్చినవాళ్ళ దగ్గర ఆసుపత్రి మనిషి ఒకరు పక్కన ఉంటే మేలు. రోగం ఏమిటని అడగొద్దు, చెప్తే వినాలి. ప్రార్థన చెయ్యమని వాళ్ళు అడిగితేనే చెయ్యాలి, అదీ నాలుగు వాక్యాలు, చిన్న గొంతుతో. క్రైస్తవులు కానివాళ్ళ దగ్గర వాళ్ళ మంచాన్ని కూటంగా మార్చకూడదు. బిస్కెట్లు, పళ్ళు నేరుగా ఇవ్వొద్దు, షుగరు ఉన్నవాళ్ళెవరో ఆపరేషనుకు ముందు కడుపు ఖాళీగా ఉంచాల్సినవాళ్ళెవరో మనకు తెలియదు. ఏమైనా ఇవ్వాలనుకుంటే ఆఫీసులో రసీదు తీసుకుని ఇవ్వాలి.

అన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఒక్క మాటా మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారు (2:13). అంతవరకు వాళ్ళ పరిచర్యలో లోపం లేదు. నోరు విప్పాకే మొదలైంది. ఆ తర్వాత వాళ్ళు చెప్పినవాటిలో విడిగా తీస్తే తప్పనిపించని మాటలు ఎన్నో ఉన్నాయి. అయినా నన్ను గూర్చి యుక్తమైనది పలకలేదని దేవుడు కోపపడ్డది వాళ్ళ మీద, యోబు మీద కాదు (42:7). ఆయన మీద కేకలు వేసినవాడు గెలిచాడు, ఆయన తరఫున వాదించినవాళ్ళు బలులు అర్పించుకోవాల్సి వచ్చింది. మంచం పక్కన కూర్చున్నప్పుడు ఇది గుర్తుంటే నోరు దానంతటదే మూసుకుంటుంది.

అన్నిటికంటే ఎక్కువగా దొర్లే మాట ఒకటుంది: ‘భరించలేనంత దేవుడు ఇవ్వడు.’ ఇది 1 కొరింథీ 10:13 అనుకుంటారు. ఆ వచనం శోధన గురించి, పాపంలోకి లాగే ఒత్తిడికి తప్పించుకునే మార్గం గురించి. రోగం బరువు గురించి కాదు. అదే పౌలు అదే సంఘానికి రాసిన రెండో పత్రికలో, ఆసియాలో మా శక్తికి మించి కృంగిపోయాం, బతుకు మీద ఆశ వదులుకున్నాం అంటాడు (1:8). శక్తికి మించి వచ్చిందని అపొస్తలుడే ఒప్పుకున్నాక, డయాలిసిస్ మంచం మీదున్నవాడికి మనం వేరే లెక్క చెప్పకూడదు. వెంటనే వచ్చే తొమ్మిదో వచనం, మృతులను లేపే దేవుని మీద నమ్మిక గురించినది, పౌలు తన గురించి తాను చెప్పుకున్నది. ఇంకొకరి మంచం దగ్గర దాన్ని మనం చదివి వినిపించకూడదు, వాళ్ళు చదివితే ఆమెన్ అనాలి.

రక్తం ఇవ్వదలుచుకున్నవాళ్ళు అవసరం ఉందా అని ముందు కనుక్కోవాలి. ఈ కొండ జిల్లాల్లో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు వల్ల, ప్రసవాల వల్ల అవసరం పడుతూనే ఉంటుంది. వయసు 18–65, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్ళు మూడు నెలలు, ఆడవాళ్ళు నాలుగు నెలలు గడిచాకే మళ్ళీ ఇవ్వాలి. ఇచ్చినవాళ్ళు ఆ రోజు సంచులు మొయ్యకూడదు.

సాయంత్రం రాయగడకు తిరుగు ప్రయాణం. ఆసుపత్రిలో చూసింది సాక్ష్యంగా చెప్పుకోవద్దు, ఫొటోలు ముందే నిషేధం.

అయిదో రోజు: కోరాపుట్ రైలు

రాయగడ నుంచి కోరాపుట్ దాకా కొండల్లో సొరంగాల వెంట పోయే లైను. మౌనంగా ప్రయాణం. ఫోను కట్టెయ్యమని బతిమాలాల్సిన పని లేదు, సిగ్నలు సొరంగాలే తీసేస్తాయి.

చదవాల్సింది నిర్గమకాండం 16. ఎడారిలో ఇశ్రాయేలీయులకు రోజూ దొరికిన ఆహారం మన్నా. తలకు ఒక ఓమెరు, అంటే సుమారు రెండు లీటర్ల కొలత. మర్నాటికి దాచుకున్నది పురుగుపట్టి కంపుకొట్టింది. విశ్రాంతి దినానికి ముందురోజు దాచుకున్నది మాత్రం పాడవలేదు. కాబట్టి దాచడమే పాపమని చెప్పే అధ్యాయం కాదిది, బ్యాంకులో డబ్బు వేసుకున్నవాళ్ళు భయపడనక్కర్లేదు. వచ్చే ఏడాదికి కావలసిన ధైర్యం ఈ రోజే చేతిలో పడలేదని కృప లేదనుకునేవాళ్ళకు మాత్రం ఇది సూటిగా తగులుతుంది. క్యాన్సరు పేరు విన్న రోజున మనిషి ఆరు కీమోల బరువూ ఒకేసారి మోస్తాడు. అతనికి అందేది మొదటి కీమోకు సరిపోయేదే.

మధ్యాహ్నం భోజనం చోడి అంబలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. కోరాపుట్ వైపు దీన్నే మండియా పేజ్ అంటారు. పొద్దున్న సీసాలో పోసుకుని సాయంత్రానికల్లా తాగెయ్యాలి, దాస్తే మన్నా గతే.

ఆరో రోజు: కోరాపుట్ – జయపురం

కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంటుంది, పొద్దున్న చలి కొరుకుతుంది. 1876లో జర్మనీ ఉత్తరాన బ్రెక్లుం అనే చోట క్రిస్టియన్ యెన్సెన్ అన్న పాస్టరు మొదలుపెట్టిన లూథరన్ మిషను నుంచి 1882లో మిషనరీలు ఇక్కడికి చేరారు. సాలూరు కూడా వాళ్ళ కేంద్రమే. 1914లో యుద్ధం వచ్చింది. జర్మన్లు బ్రిటిష్ ఇండియాలో శత్రువులైపోయారు, ఉండనివ్వలేదు. బళ్ళు, గుళ్ళు, కొత్తగా నమ్మినవాళ్ళు ఇక్కడివాళ్ళ భుజాల మీద మిగిలారు, అమెరికా లూథరన్లు కొంత ఆదుకున్నారు. 1928లో జయపురం ఎవాంజెలికల్ లూథరన్ సంఘం సొంతంగా నిలబడింది.

దీన్ని చెప్పేటప్పుడు నాలుక జారుతుంది: ‘సంఘం సొంతకాళ్ళ మీద నిలబడాలనే దేవుడు యుద్ధం పంపాడు.’ లక్షలమంది చచ్చిన యుద్ధం అది. దాన్ని మన సంఘానికి చేసిన ఏర్పాటుగా చెప్పుకోవద్దు. యుద్ధం యుద్ధమే. దాని మధ్యలో ఎవరో ఒక ఉపదేశకుడు ఆదివారం గంట కొట్టాడు, వచ్చినవాళ్ళకు వాక్యం చదివాడు. కృపను వెతకాల్సింది ఆ గంట దగ్గర.

ఘాటు దిగితే జయపురం, ఇరవై రెండు కిలోమీటర్లు. మలుపులకు కడుపు తిప్పేవాళ్ళు ముందు సీట్లో కూర్చోవాలి. ఇక్కడ మూడో మనవి. ఈసారి పాత వాక్యం చూడకుండా, ఇప్పుడు ఏం అడగాలనిపిస్తే అది కొత్తగా రాయాలి. ఆ తర్వాత మొదటి పేజీ తిప్పి పక్కపక్కన పెట్టాలి. చాలామందికి మనవి చిన్నదై ఉంటుంది, పదునెక్కి ఉంటుంది. ‘నొప్పి పోవాలి’ అన్నది ‘రాత్రి రెండింటి నుంచి నాలుగింటి దాకా నిద్ర కావాలి’ అవుతుంది. కొందరిది అక్షరం మారదు. అలా ఉంటే తప్పేమీ లేదు, పౌలు మూడోసారి అడిగిన మాట మొదటి మాటకంటే మెత్తగా ఉందని ఎక్కడా రాసిలేదు. దీని మీద చర్చ పెట్టొద్దు. చర్చ పెడితే మనవి మారినవాళ్ళు ఎదిగినవాళ్ళయిపోతారు, మారనివాళ్ళు మళ్ళీ వెనక వరసకు పోతారు.

స్థానిక పాస్టరు గారు ఒప్పుకుంటే ప్రభు బల్ల, అంటే యేసు చివరి భోజనాన్ని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన. వేరే సంఘాల సభ్యులకు ఇవ్వడంలో ఒక్కో చోట ఒక్కో నియమం ఉంటుంది, బల్ల దగ్గరికి వెళ్ళాక కాదు, ముందురోజే అడగాలి. చేతిలో పడే రొట్టె ముక్క ఎంత చిన్నదో అందరికీ తెలుసు. ఇంకో ముక్క కావాలని అక్కడ ఎవరూ అడగరు.

జయపురం నుంచి కోరాపుట్, అరకు మీదుగా విశాఖకు రైళ్ళున్నాయి. నోటుబుక్కులో మిగిలిన పేజీలకు తేదీలు వేసుకోవాలి, నలభై రోజులకు. రోజుకు ఒక్క పంక్తి: ఈ రోజుకు ఏది సరిపోయింది. పక్కింటామె తెచ్చిన కూర కావచ్చు, డాక్టరు మందు మార్చడం కావచ్చు, ఒక కీర్తనలో సగం వచనం కావచ్చు. ఏదీ సరిపోని రోజు తేదీ మాత్రం ఉంచి, పంక్తి ఖాళీగా వదిలెయ్యాలి.